లేదనని ఊళ్ళలో అద్దె ఇంటి వేట

మేం అద్దెకుంటున్న మియాపూర్ ఫ్లాటుని ఓనరు అమ్మేశాడు. కొన్నవాళ్ళు గృహప్రవేశానికి ముహూర్తం కూడా పెట్టించుకున్నారు. మమ్మల్ని మాత్రం ఏమీ కంగారు పడొద్దన్నారు, ముహూర్తానికి వారం ముందు ఖాళీ చేస్తే చాలట. మా ఆయన మురళి సరుకు ఓడ మీద ఇంజనీరు. ఇలాంటి సమయాల్లో తప్పకుండా సముద్రం మధ్యలో ఉంటాడు. నేను ఇంట్లో కూర్చుని షేర్ మార్కెట్‌లో ట్రేడింగ్ చేస్తాను. పొద్దున తొమ్మిదింబావుకి మార్కెట్ తెరిచింది మొదలు మధ్యాహ్నం మూడున్నరకి మూసేదాకా ల్యాప్‌టాప్ ముందు నుంచి లేవను. కరెంటూ ఇంటర్నెట్టూ ఉంటే చాలు, దేశంలో ఎక్కడైనా బతికేయొచ్చు అని ఈ పని చేసేవాళ్ళందరం గొప్పలు పోతూ ఉంటాం. నేను కూడా పోయేదాన్ని, ఆ మాట మా అత్తగారు వినేదాకా.

అత్తగారిది వైజాగ్. సొంత ఇల్లు, పై వాటా ఖాళీ. "ఎక్కడైనా ఉండొచ్చంటున్నావుగా, ఇక్కడే ఉండు. అద్దె కూడా అక్కర్లేదు" అన్నారు. ఆవిడ మంచి మనిషి, అందులో అనుమానం లేదు. ఆవిడ దృష్టిలో నేను చేసే పని పేరు ఫోను చూసుకోవడం. ఎప్పుడు వెళ్ళినా సరిగ్గా మార్కెట్ తెరిచే వేళకి నా ఒళ్ళో చిక్కుడుకాయల పళ్ళెం పెట్టి, "ఎలాగూ ఖాళీయే కదా, ఈనెలు తీసెయ్యమ్మా" అంటారు. ఏడాదికి ఒకసారైతే తీస్తాను. రోజూ అంటే నా పని ఇక ఉండదు. అలాగని రానని ఆవిడతో చెప్పే ధైర్యం నాకు లేదు, మురళికి అసలే లేదు. "కోనసీమలో ఖర్చు తక్కువటండీ, ఒకసారి చూసొస్తాను" అని ఏదో నసిగి రైలెక్కాను. ఇల్లు దొరికితే నా పని నాకు మిగులుతుంది, దొరక్కపోతే వైజాగే.

కోనసీమే ఎందుకంటే, అందరిలాగే నేనూ ఫోన్లో వీడియోలు చూశాను. కాలవగట్టు మీద కుర్చీ, చేతిలో కొబ్బరిబొండం, ఒళ్ళో ల్యాప్‌టాప్, వెనక వేణునాదం. ఆ వీడియోల్లో దోమలు ఉండవు, మనుషులు అసలే ఉండరు.

కొత్తపేట

శనివారం మార్కెట్‌కి సెలవు కాబట్టి మనుషులతో మాట్లాడే తీరిక దొరికింది. కొత్తపేటలో బస్సు దిగిన చోటే ఒక టిఫిన్ హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాను. నలభై రూపాయలు. హైదరాబాద్‌లో ఆ డబ్బుకి పెసరట్టు ఫోటో చూపిస్తారు. హోటలాయన వీర్రాజు గారు నన్నూ నా సంచీనీ మార్చి మార్చి చూసి, "ఎవరి తాలూకండీ?" అని అడిగాడు.

"ఎవరి తాలూకూ కాదండీ. అద్దెకి ఇల్లు చూసుకుందామని వచ్చాను."

పాపం, ఆయనకి జాలేసింది. ఎవరి తాలూకూ కాని మనిషి ఆయన హోటలుకి ఎప్పుడూ వచ్చినట్టు లేదు. మియాపూర్‌లో ఎనిమిదేళ్ళున్నా ఎదురు ఫ్లాటు వాళ్ళు నా పేరు అడగలేదు. ఇక్కడ రెండోసారి చట్నీ వేసేలోపు మా తాతగారి ఊరూ, మేనత్తల సంఖ్యా బయటికొచ్చేశాయి.

ఆయన చెప్పగా భాస్కర్రావు గారి ఇల్లు చూశాను. కొబ్బరితోటలో కొత్తగా కట్టిన రెండు గదుల డాబా. సున్నం వాసన ఇంకా పోలేదు. కిటికీ తీస్తే అరటిచెట్లు. భాస్కర్రావు గారు ప్రతి స్విచ్చీ వేసి చూపించారు, మోటారు ఆడించారు, బొండాలు కొట్టించారు, భోజనానికి ఉంచేశారు. కంద బచ్చలి కూర, పనసపొట్టు, గడ్డపెరుగు. తిన్నాక లేవలేక అక్కడే కూర్చుని అద్దె ఎంతండీ అని అడిగాను.

"మీ ఇష్టమండీ. మీ దగ్గర మేం అద్దె అడగడం ఏంటండీ."

"అలా కాదండీ, చెప్పండి. వచ్చే నెల మొదట్లో దిగిపోవచ్చా?"

"ఆయ్. మంచిరోజు చూసుకుని రండి, దానికేముందండీ."

వెళ్ళిన మొదటి రోజే ఇల్లు దొరికిందన్న సంతోషంలో మురళికి ఫోటోలన్నీ పంపేశాను. బస్సు కోసం వచ్చి వీర్రాజు గారికి శుభవార్త చెప్పాను. ఆయన గ్లాసులు కడగడం ఆపి, "ఆ డాబా వాళ్ళ మేనల్లుడి కోసం కట్టేరు కదండీ. శ్రావణంలో పెళ్ళి. కాపురం అందులోనేనండీ" అన్నాడు.

"మరి నాకెందుకు చూపించారు?"

"మీరు అడిగేరు కదండీ. ఇంటికొచ్చి అడిగినోళ్ళని లేదని ఎలా పంపేత్తారండీ?"

నేను భోంచేసింది ఆ పెళ్ళివారి పనసపొట్టన్నమాట. ఈ సీమలో లేదు అనడం మర్యాద కాదని నాకు ఆ బస్టాపులో తెలిసింది. హైదరాబాద్‌లో ఇంటి ఓనర్లు గేటు తియ్యకుండానే మొహం మీద లేదు పొమ్మంటే బాధపడేదాన్ని. ఎంత టైము మిగిల్చేవారో ఇప్పుడు అర్థమైంది.

రాజోలు

మర్నాడు ఆదివారం. రాజోలు దగ్గర గోదావరి పాయ ఒడ్డున పెంకుటిల్లు. నేను చూసిన వీడియోలన్నీ ఈ ఇంట్లోనే తీశారేమో అనిపించింది. వరండాలో పడక కుర్చీ, ఎదురుగా నీళ్ళు, నీళ్ళ మీద పడవ. ఇల్లుగలాయన సుబ్బరాజు గారు కొబ్బరి వ్యాపారి. ఆయన భార్య పనసాకు దొన్నెల్లో ఉడికించిన పొట్టిక్కలు పెట్టారు. అవి ఇడ్లీలేనని నేననుకున్నాను, అదే మాట పైకి అన్నాను కూడా. ఆవిడ మరో రెండు వేశారు. పనసాకు వాసన పట్టిన ఆ పిండి తిన్నాక ఇడ్లీ అన్నందుకు నాకే సిగ్గేసింది.

ఈసారి తెలివి తెచ్చుకుని ఒక్కొక్కటే అడిగాను.

"ఇంటర్నెట్ వస్తుందాండీ?"

"ఆయ్, ఎందుకు రాదండీ."

ల్యాప్‌టాప్ తెరిచాను. రాలేదు. ఫోన్ చూశాను. ఒక గీత వచ్చి నన్ను చూసి వెళ్ళిపోయింది.

"రావట్లేదు కదండీ."

"కొబ్బరిమట్ట పడి వైరు తెగిందండీ. కట్టేత్తారు."

"ఎప్పుడు తెగింది?"

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ లెక్కేసి, "మన పెద్దాడి బారసాలకి ముందేనాండీ?" అంది. ఆ పెద్దాడు వరండాలో సైకిలు తొక్కుతున్నాడు.

"మరి ఇక్కడ నెట్టు ఎవరికీ రాదా అండీ?"

"ఎందుకు రాదండీ. వంతెన మీద బ్రహ్మాండంగా వత్తది. రండి, చూపిత్తాను" అని స్కూటరు తీశాడు. నిజమే, వంతెన మీద బ్రహ్మాండంగా వచ్చింది. అక్కడ ఒక బల్ల, కుర్చీ వేసుకుంటే కొబ్బరి లారీల మధ్య హాయిగా ట్రేడింగ్ చేసుకోవచ్చు. తిరిగి వస్తూ గోడ మీద నా నడుము ఎత్తున ఉన్న చార ఏమిటని అడిగాను.

"గోదారండీ."

"ఇంట్లోకి వస్తుందా?"

"వచ్చినా రెండ్రోజులేనండీ" అన్నాడు, అదేదో వేసవి సెలవలకి వచ్చే చుట్టం గురించి చెప్పినట్టు. అద్దె ఎంతో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. దారి ఖర్చుకి నాలుగు బొండాలు కట్టిచ్చారు. హైదరాబాద్‌లో ఒక్కోటి అరవై. ఇక్కడ డబ్బు తీస్తే నొచ్చుకున్నారు.

అమలాపురం

ఆ సాయంత్రానికి అమలాపురం చేరాను. మురళి స్నేహితుడి పిన్నిగారు కామేశ్వరి గారి ఇంట్లో బస. వాళ్ళాయన సోమయాజులు గారు వేదపండితులు. రోజూ పొద్దున్నే ముందు గదిలో శిష్యులకి పాఠం చెప్తారు. వాళ్ళింట్లో వెనక గది ఒకటి ఖాళీగా ఉంది. మంచి వెలుతురు, ఫ్యాను, మేజా, అన్నిటికీ మించి ఇంటర్నెట్. "ఈ గది నాకు అద్దెకిస్తారా పిన్నిగారూ?" అంటే, "అద్దేమిటే పిచ్చిదానా, నీ ఇల్లే అనుకో" అన్నారు. సరే, సోమవారం అక్కడే కూర్చుని పని చేసి చూద్దామనుకున్నాను.

తొమ్మిదింబావుకి మార్కెట్ తెరిచింది. కొన్ని షేర్లు కొన్నాను. పిన్నిగారు కాఫీ తెచ్చారు. షేర్లు పెరగడం మొదలెట్టాయి. పిన్నిగారు పక్కింటి వాళ్ళని తెచ్చారు, నన్ను చూడ్డానికి. షేర్లు ఆగాయి. పక్కింటావిడ మా మేనత్తల్లో ఒకావిడకి దూరపు చుట్టమని తేలింది. షేర్లు పడ్డం మొదలెట్టాయి. "ఒక్క నిమిషం పిన్నిగారూ, పని ఉంది" అంటే, "చేసుకోమ్మా, చేసుకో, మేం నిన్నేం కదిలించం" అని ఇద్దరూ మంచం మీద కూర్చుని నేను పని చేసుకోవడం చూశారు. తెర మీద ఎర్ర అంకె కదిలినప్పుడల్లా "అదేమిటే?" అని అడుగుతూ.

ముందు గదిలో సోమయాజులు గారి పాఠం వినిపిస్తూనే ఉంది. ఆ గది గుమ్మం ఇద్దరిలో ఎవరూ తొక్కలేదు. పోస్టాయన వచ్చినా అరుగు మీద నిలబడ్డాడు. గట్టిగా వినిపించే పనికి ఉండే గౌరవం వేరు మరి. నాది నోరు మూసుకుని చేసే పనాయె.

వాళ్ళు కూరగాయల బండి కోసం లేవగానే తలుపు గడియ పెట్టేశాను. ఇప్పుడు అమ్మేస్తే నష్టం కొంచెమే, కాసేపు ఆగితే లాభం రావచ్చు. అలా ఊపిరి బిగబట్టి చూస్తుంటే తలుపు చప్పుడైంది. పలికితే మళ్ళీ సభ మొదలవుతుందని పలకలేదు. చప్పుడు పెరిగింది. తీశాను. పిన్నిగారు, పక్కింటావిడ, పాఠం మధ్యలో లేచొచ్చిన సోమయాజులు గారు, ఆయన వెనక శిష్యులు, అందరికంటే ముందు సంచీతో డాక్టరు గారు.

"పగటిపూట తలుపేసుకుని పడుకుందండీ. పిలిస్తే పలకట్లేదు" అన్నారు పిన్నిగారు, కళ్ళనీళ్ళ పర్యంతమై.

వాళ్ళ తప్పు లేదు. ఈ ఊళ్ళో పగలు తలుపు వేసుకునేది జ్వరం వచ్చినవాళ్ళే. హైదరాబాద్‌లో తలుపు తీసి ఉంటే దొంగలు పడ్డారని అనుమానిస్తారు. డాక్టరు గారు నన్ను కూర్చోబెట్టి చెయ్యి పట్టుకున్నారు. ఆ చేతిలోనే మౌస్ ఉంది.

"నాడి బాగా కొట్టుకుంటోందండీ. ఆయాసంగా ఉందా?"

"మార్కెట్ పడుతోందండీ."

"ఎక్కడ పడ్డారు?"

ఆయన చెయ్యి వదిలేసరికి పదకొండు వేలు పోయాయి. ఫీజు మాత్రం వంద రూపాయలే, హైదరాబాద్‌తో పోలిస్తే ఏమీ కాదు. మధ్యాహ్నం మిరియాల చారు, సాయంత్రం దిష్టి. నాకు కోపం వచ్చింది. ఆ చారు అంత బాగున్నందుకు ఇంకా కోపం వచ్చింది. ఇంత ప్రేమగా చూసే మనిషితో నన్ను కాసేపు వదిలెయ్యండని చెప్పలేకపోయాను. ఇంత దూరం వచ్చి నేను అద్దెకి చూసుకున్నది మరో వైజాగ్‌ని. కాకపోతే అక్కడ అత్తగారు ఒక్కరే, ఇక్కడ వీధి నిండా ఉన్నారు.

బండారులంక

మంగళవారం పొద్దున మార్కెట్ జోలికి పోదల్చుకోలేదు. పిన్నిగారు, "ఊరికే దిగులుగా కూర్చోకపోతే బండారులంక వెళ్ళి చీర కొనుక్కోరాదూ" అన్నారు. మా ఇంట్లో కూడా ఓడిపోయినప్పుడు నేను చేసేది అదే కాబట్టి వెళ్ళాను. నేతవాళ్ళ వీధి. ఆవిడ చెప్పిన ఇల్లు సూర్రావు గారిది. లోపల మగ్గం టకటకలాడుతోంది. నేను గుమ్మం ఎక్కబోతే అరుగు మీద కూర్చున్న ఒక ముసలాయన, "కూర్చోండమ్మా, ఆపనివ్వండి" అన్నాడు. కూర్చున్నాను. ఎదురింటి అమ్మాయి గిన్నెలో కూర తెచ్చింది, ఒక క్షణం చప్పుడు విని, గిన్నె అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది. పిలవలేదు, తొంగి చూడలేదు, బాగున్నారా అని అరవలేదు.

నేను ఆ గిన్నెనే చూస్తూ ఉండిపోయాను. ఇంట్లో కూర్చుని చేసేదాన్ని కూడా పనే అనుకునే వీధి ఒకటి ఉంది. అంతవరకూ నాకు కావలసింది కరెంటూ ఇంటర్నెట్టూ అనుకుంటున్నాను.

చప్పుడు ఆగాక లోపలికి పిలిచారు. ముందు గదిలో సూర్రావు గారి భార్య సత్యవతి గారి మగ్గం, వెనక వసారాలో ఆయనది. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని నేస్తారు. ఆవిడ నాకు ఆకుపచ్చ అంచు ఉన్న చీర చూపించి మళ్ళీ పనిలో పడిపోయింది. నేను చీర సంగతి మర్చిపోయి, ఈ వీధిలో ఎక్కడైనా గది దొరుకుతుందా అని సూర్రావు గారిని అడిగాను.

"ఉందండీ. ఈ ముందు గదే ఇచ్చేత్తానండీ. నాలుగు వేలు. మగ్గం తీయించేసి గుంట పూడిపించేత్తాను."

అద్దె అంకె నోటితో చెప్పిన మొదటి మనిషి. ఇంటర్నెట్ సంగతి అడిగాను. వాళ్ళమ్మాయి పెళ్ళికి ముందు ఇంటినుంచే కంప్యూటర్ ఉద్యోగం చేసేదట, ఆ కనెక్షన్ ఇంకా తీసెయ్యలేదు. ఫోన్‌లో కలిపి చూశాను. మియాపూర్‌లో కంటే బాగా వచ్చింది. గదికి తూర్పు కిటికీ, మంచి గాలి. నా బల్ల ఎక్కడ పెట్టుకోవాలో కూడా చూసేసుకున్నాను, మగ్గం ఉన్న చోటే. అడ్వాన్సు ఇద్దామని సంచీలో చెయ్యి పెట్టాను.

మగ్గంలో అటూ ఇటూ పరిగెడుతున్న నాడె ఆగింది. సత్యవతి గారు తల తిప్పి నన్ను చూసింది.

"ఈ గది ఇవ్వమండీ" అంది.

నాలుగు రోజుల్లో నాతో అలా చెప్పిన మొదటి మనిషి ఆవిడ. ఏం వినపడిందో తెలియడానికి నాకు కొంచెం సేపు పట్టింది. సూర్రావు గారు బిక్కచచ్చిపోయారు.

"ఇంటికొచ్చినావిడతో అలా అంటారాండీ ఎవరైనా?"

"ఇంటికొచ్చేరు కాబట్టే ఇప్పుడు చెప్తన్నాను. సామాన్లతో వచ్చేక చెప్తే బాగుంటదా?" అని మళ్ళీ నా వైపు తిరిగింది. "ఏమీ అనుకోకండి. నేను పని చేసుకునే చోటండీ ఇది. మీరు పని చేసుకోడానికి నేను లేవాలంటే ఎలాగండీ?"

మగ్గాన్ని చూశాను కానీ దాని ముందు ఒక మనిషి కూర్చుని ఉందన్నది నా లెక్కలోకి రాలేదు. నా బల్ల కొలతలు చూసుకుంటున్నాను. నన్ను నా పని మీద నుంచి లేపేవాళ్ళంటే నాకు ఎంత మంటో మీకిప్పటికే చెప్పాను కదా. సిగ్గేసింది. దానికంటే ఎక్కువగా అసూయ కలిగింది. మాట పెంచకుండా, క్షమాపణ కలపకుండా, కోపం లేకుండా ఆవిడ ఆ మాట అనేసి మళ్ళీ పోగు సరిచేసుకుంటోంది. నేను ఆ మాటే అనలేక అయిదు వందల కిలోమీటర్లు వచ్చాను.

చీర తీసుకున్నాను. బేరం ఆడలేదు, ఆడే మొహం లేదు. డబ్బు లెక్కపెడుతుంటే ఆవిడే అడిగింది. "నాలుగిళ్ళవతల మా తోటికోడలి గది ఉంది, చూత్తారాండీ? మగ్గం ఎప్పుడో తీసేసేరు. ఎండుకొబ్బరి పోత్తన్నారు అందులో. వాసన వత్తది, ముందే చెప్తన్నాను. గోడ ఒకపక్క చెమ్మ."

వెళ్ళి చూశాం. వాసన వచ్చింది. గోడకి ఒకపక్క చెమ్మ ఉంది. కోనసీమలో ఎవరైనా ఏది చెప్తే అది అచ్చంగా అలాగే ఉండటం అదే మొదలు. మూడు వేల అయిదు వందలు, కొబ్బరి వాళ్ళే తీయించేస్తారట. నెట్టు కూడా ఫోన్లో చూసుకున్నాను, వచ్చింది. నాకు మిగిలిన బెంగ ఒకటే. నా పనికి చప్పుడు ఉండదు, తలుపేసుకుంటే జ్వరం అనుకుంటారు. సత్యవతి గారితో అదే అన్నాను.

"ఎప్పటినుంచి ఎప్పటిదాకాండీ మీ పని?"

చెప్పాను.

"వీధిలో నేను చెప్తానండీ" అంది. సరిగ్గా అంతే అంది. అడ్వాన్సు ఇచ్చేశాను.

ఇక వైజాగ్ ఒకటి మిగిలింది. బస్సెక్కితే ధైర్యం దిగిపోతుందని ఆ అరుగు మీదే కూర్చుని ఫోన్ చేశాను. అత్తగారు తియ్యగానే, కుశలం అడిగే అవకాశం కూడా ఇవ్వకుండా, "అత్తయ్యగారూ, నేను వైజాగ్ రానండీ. నేను పని చేసుకునే చోటు నాకు విడిగా కావాలి. ఇక్కడ గది తీసుకున్నాను" అన్నాను. లైను కట్టయిందేమో అనుకున్నాను, అయితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఈ మాట ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నారు చివరికి. "పై వాటా అద్దెకి కావాలని బ్యాంకు వాళ్ళు రెండుసార్లు వచ్చారు. నువ్వొస్తావేమోనని తిప్పి పంపేశాను. నువ్వొస్తే ఎలాగా అని నాకూ బెంగగానే ఉంది. నీకు టీవీ చప్పుడు పడదు, నాకు అది లేకపోతే పొద్దు పోదు. అలాగని కోడల్ని పట్టుకుని రావద్దని ఎలా చెప్పను?"

నేను ఏదో అనబోయాను.

"సరే, ఆ బ్యాంకు వాళ్ళకి ఇప్పుడే ఫోన్ చేస్తాను, లేకపోతే ఇంకో ఇల్లు చూసేసుకుంటారు" అని, నేను మళ్ళీ మనసు మార్చుకుంటానేమోనని కాబోలు, ఉంటానండీ అనేలోపే పెట్టేశారు.